రూఫ్‌ని ముందుగా ఎవరు చూస్తారు?

ఇంటర్ ఫలితాలు రాగానే కొత్తగూడెం తల్లిదండ్రులు నన్నడిగేది ఒకటే: "మావాడికి లీడర్‌షిప్ రావాలంటే ఏ కోర్సులో వెయ్యాలి సార్?" అప్పటికే చేతిలో హైదరాబాద్ కాలేజీ బ్రోచర్ ఉంటుంది. బీబీఏ, ఆపైన ఎంబీఏ, మధ్యలో పర్సనాలిటీ క్లాసులు. ఇంగ్లిష్ గలగలా మాట్లాడితే పదిమందీ మాట వింటారని వాళ్ల నమ్మకం.

అది తప్పని బొగ్గు బాయిల ఊరికి ఇంకొకరు చెప్పాలా? షిఫ్టువాళ్లు పనిలోకి దిగకముందే మైనింగ్ సర్దార్ ఆ చోటు చూసి రావాలి. గ్యాస్ చూస్తాడు. కర్రతో గని రూఫ్ (పైకప్పు) కొట్టి మోత వింటాడు. డొల్లగా పలికితే, దాన్ని సరిచేసేదాకా ఎవరినీ అక్కడికి పోనివ్వడు. బొగ్గు తగ్గుతుందని పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా పని ఆపే సర్దార్ మీద కార్మికులకుండే గౌరవం ఏ క్లాసులో కొనుక్కుంటాం? ఇంకో ఉదాహరణ: 1989 నవంబరులో రాణిగంజ్ దగ్గర మహాబీర్ గనిలోకి నీళ్లు వచ్చిపడ్డాయి. ఇంజినీరు జస్వంత్ సింగ్ గిల్ ఉక్కు క్యాప్సూల్‌లో తానే కిందికి దిగారు. లోపల చిక్కుకున్న 65 మంది కార్మికులు ప్రాణాలతో బయటపడ్డారు. ఆయన అందరికన్నా చివర పైకొచ్చారు.

మేనేజ్‌మెంట్ కోటా సీటు కోసం పొలం తాకట్టు పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. పిల్లాడికి చివరికి దొరికేది నెలనెలా టార్గెట్ల సేల్స్ ఉద్యోగం, నెత్తిన అప్పు. పందొమ్మిదేళ్ల పిల్లాడి మీద అంత బరువు పెట్టి, ధైర్యంగా ఉండమనడం అన్యాయం. అలాగే సింగరేణి బొగ్గు కంపెనీలో ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలడిగే దళారుల గడప అసలే తొక్కకండి.

నన్నడిగితే మైనింగ్ డిప్లొమా, లేదా మన ఊళ్లోనే 1978లో మొదలైన మైనింగ్ కాలేజీలో బీటెక్ అంటాను. ఓవర్‌మన్, మేనేజర్ పోస్టులకు గనుల భద్రతా డైరెక్టరేట్ సర్టిఫికెట్ తప్పనిసరి. 2019లో ఆడపిల్లలకూ పగటిపూట భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ పనులు చేసే వీలు వచ్చింది. అయితే సర్టిఫికెట్ చేతికొస్తే ఉద్యోగం వచ్చినట్టు కాదు, నోటిఫికేషన్ పడాలి. బాయంటే భయపడే పిల్లలను బలవంతంగా ఇటు తోయకండి. ప్రమాదం నిజంగానే ఉన్న పని ఇది.

ఇంట్లో సింగరేణిలో చేసి రిటైరైన తాత ఉంటే, ఏ సర్దార్‌ని ఇప్పటికీ తలచుకుంటాడో, ఎందుకో ఆయన్నే అడగమని మీ పిల్లలకు చెప్పండి. కోర్సు సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.