బెత్నాల్ గ్రీన్ భూగర్భ స్టేషను

లండను నగరపు తూర్పుభాగమున బెత్నాల్ గ్రీన్ అను భూగర్భ రైలు స్టేషను కలదు. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చునాటికి దాని నిర్మాణము ముగియలేదు. 1940 నుండి ప్రజలు విమానదాడుల వేళ అందు తలదాచుకొనుచుండిరి. వీధినుండి దిగుటకు దారి ఒక్కటే. మెట్ల నడుమ పట్టుకొనుటకు కమ్మి లేదు, దీపము మసక. 1941లో స్థానిక పురపాలక సంఘము ద్వారమును బాగుచేయ అనుమతి కోరగా పై అధికారులు నిరాకరించిరి.

1943 మార్చి 3వ తేదీ రాత్రి సైరను మ్రోగెను. జనులు దిగుచుండగా, సమీపమునందలి విక్టోరియా పార్కునుండి విమాన నిరోధక రాకెట్లు మహాధ్వనితో వెలువడెను. అవి బాంబులని భయపడి వెనుకవారు ముందుకు త్రోసికొనిరి. క్రింది మెట్లవద్ద ఒక స్త్రీ పడిపోయెను. ఆమెపై ఒకరు, వారిపై వేరొకరు పడిరి. కొలదికాలములోనే 173 మంది ఊపిరాడక మరణించిరి. అందు 62 మంది పిల్లలు. ఆ రాత్రి ఆ ప్రాంతమున ఒక్క బాంబైనను పడలేదు!

విచారణ నివేదిక 1945 వరకు వెలువడలేదు. మెట్లకు కమ్ములు మాత్రము ప్రమాదము జరిగిన పిమ్మట అమర్చిరి. 1946 డిసెంబరు 4న స్టేషనునుండి రైళ్లు నడువసాగెను. మృతుల స్మారకచిహ్నము 2017లో పూర్తియైనది.

పిల్లలు గుమిగూడు ప్రతి భవనమునందును వెలుతురు, మెట్లకు కమ్మి, వెలుపలికి వేరొక దారి కలవా యని తల్లిదండ్రులు ముందుగానే విచారింపవలెను. ఒకమారు కాదన్నను మరల అడుగవలెను.