అభా కొండ మీద బగ్గీ పందెం

రిమోట్ కారు అంటే పిల్లల బొమ్మే కదా అనేవాళ్ళు, నైట్రో ఇంజిన్ స్టార్ట్ చేసే బల్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడితే చాలు, మాట మార్చుకుంటారు. 3.5 సీసీ ఇంజిన్, అసలు బండిలో ఎనిమిదో వంతు సైజు, మూడు కిలోలకు పైగా బరువు, మట్టి ట్రాక్ మీద గంటకు 60 కిలోమీటర్ల వేగం. ఈ బగ్గీని సౌదీ అరేబియాలోని అభాలో పందేనికి దించాలంటే, సముద్రతీరాన ఉన్న జెడ్డాలో లేని పని ఒకటి అదనంగా పడుతుంది. అభా దాదాపు 2,200 మీటర్ల ఎత్తున ఉంది, ఇంచుమించు మన ఊటీ అంత. తెలుగు నేల మీద ఇంత ఎత్తైన కొండే లేదు. ఇక్కడి గాలి సముద్రతీరపు గాలి కంటే ఐదో వంతు దాకా పల్చన. ఇంజిన్ నడిచేదేమో గాలికీ ఇంధనానికీ కుదిరిన పాళ్ళ మీద.

అందుకని పని ముందు రోజు రాత్రే మొదలవుతుంది. ఎయిర్ ఫిల్టర్ కడిగి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించాలి. చక్రాల నట్లు బిగించాలి. రిసీవర్‌కీ ట్రాన్స్‌మిటర్‌కీ బ్యాటరీలు ఛార్జి పెట్టాలి. లైపో బ్యాటరీ అయితే మంట తట్టుకునే సంచిలో పెట్టి, మనిషి పక్కన ఉండగానే. ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు. విమానంలో వచ్చేవాళ్ళు ఈ బ్యాటరీలను చేతి సంచిలోనే తెచ్చుకోవాలి. ఇంధనాన్ని మాత్రం చేతి సంచిలోనూ, లగేజీలోనూ ఎక్కనివ్వరు. అది మిథనాల్, నైట్రోమీథేన్, కందెన నూనెల కలయిక. ఆ నూనెలో చాలాసార్లు ఉండేది ఆముదమే. పిట్ అంతా కమ్ముకునే ఆ వాసన పాలమూరు, నల్గొండ వైపు వాళ్ళకి ఎక్కడో పీల్చినట్టే ఉంటుంది. తీరం నుంచి రోడ్డు మీద వచ్చిన ఇంధనం సీసా కొండెక్కేసరికి ఉబ్బి ఉంటుంది. మూత మెల్లగా, ముఖానికి దూరంగా విప్పాలి.

పొద్దున్నే ట్రాక్ దగ్గర పేరు నమోదు చేయించుకుని, ట్రాన్స్‌పాండర్ నంబరు రాయించాలి. కారులో కూర్చునే ఈ చిన్న పెట్టె, ట్రాక్ కింద పరిచిన తీగ మీదుగా వెళ్ళిన ప్రతిసారీ ల్యాపు లెక్క కంప్యూటర్‌కి చేరవేస్తుంది. అది పనిచేయకపోతే మీరు ఎంత బాగా నడిపినా నడపనట్టే. తర్వాత ఫెయిల్‌సేఫ్ పరీక్ష. కారును స్టాండు మీద ఎత్తిపెట్టి ట్రాన్స్‌మిటర్ ఆపేయండి. థ్రాటిల్ తనంతట తాను బ్రేకులోకి వెళ్ళాలి. వెళ్ళకపోతే ఆ కారు ట్రాక్ మీదికి పోకూడదు. ఆన్ చేసేటప్పుడు ముందు ట్రాన్స్‌మిటర్, ఆపేటప్పుడు ముందు కారు. ఈ వరస తప్పకూడదు.

ఇక అసలు పని. పల్చటి గాలిలో, జెడ్డాలో పెట్టిన నీడిల్ (ఇంధనం పాలు సరిచేసే మర) అలాగే ఉంచితే ఇంధనం పాలు ఎక్కువైపోతుంది. ఇంజిన్ పొగ కక్కుతూ, మలుపు దాటాక వేగం అందుకోక దగ్గుతుంది. హైస్పీడ్ నీడిల్‌ను కుడివైపుకి చుట్టులో ఎనిమిదో వంతు తిప్పండి, రెండు ల్యాపులు నడపండి, చూడండి, మళ్ళీ తిప్పండి. ఒకేసారి అర చుట్టు తిప్పే తొందర ఇంజిన్‌కి చేటు. సూటి దారిలో పరిగెత్తేటప్పుడు వెనక సన్నటి నీలి పొగ గీత కనిపించాలి. అది మాయమైందంటే ఇంజిన్ ఎండిపోతున్నట్టు. థర్మామీటర్ గన్ పెట్టి చూస్తే హెడ్ దగ్గర 100 నుంచి 120 డిగ్రీలు ఉంటే సరే. నా లెక్కలో అంకె కంటే పొగే నమ్మకమైన సాక్షి. ఎండలో ఒక అంకె, నీడలో ఒక అంకె వస్తుంది మరి.

నీడిల్‌తోనే అంతా సరికాదు. గాలి తగ్గితే సిలిండర్‌లో నొక్కుడూ తగ్గుతుంది. హెడ్ కింద ఉండే 0.1 మిల్లీమీటరు షిమ్ (పల్చటి వాషర్) ఒకటి తీస్తే, ఇంకాస్త వేడి రకం గ్లో ప్లగ్ వేస్తే కొంత తిరిగొస్తుంది. పోయిన బలం మొత్తం మాత్రం రాదు. క్లచ్ బెల్‌కి ఒక పన్ను తక్కువది వేసుకుని, పై వేగం కొంత వదులుకుని, మలుపుల్లో చురుకు తెచ్చుకోవడం తెలివి. వెనక రెక్కకి కూడా పట్టు తగ్గుతుంది, ఒక గడి ఎక్కువ వాలు పెట్టండి. ఎలక్ట్రిక్ కార్లవాళ్ళకి ఈ బాధ లేదంటారు కానీ అదీ సగం నిజమే. మోటారు బలం తగ్గదు సరే, దాన్ని చల్లబరిచే గాలి మాత్రం తగ్గింది.

క్వాలిఫయింగ్ ఐదు నుంచి పది నిమిషాలు. కొత్తవాళ్ళు అక్కడ వేగం చూపించబోయి తిరగబడతారు. తిరగబడకుండా నడిపినవాడిదే మంచి స్థానం. మీ రేసు అయ్యాక నేరుగా టీ దగ్గరికి పోకూడదు, తర్వాతి రేసుకి మార్షల్‌గా నిలబడాలి. ఇది ఆటలో పాటించి తీరాల్సిన మర్యాద, ఎగ్గొడితే చాలా చోట్ల మీ ఫలితంలోనే కోత పెడతారు. మార్షల్ పని సులువుగా కనిపిస్తుంది కానీ చీలమండకు తగిలితే తెలుస్తుంది. పడిన కారును చూడకముందు వచ్చే కార్లను చూడండి. ఎదురొచ్చేవాటికి వీపు చూపకండి. మందపాటి బూట్లు వేసుకోండి. సైలెన్సర్ కాలుతుంటుంది కాబట్టి చేతికి గ్లవ్ ఉండాలి. ఎవరి కారైనా తీసి చక్రాల మీద నిలబెట్టడమే మీ పని, బాగుచేయడం కాదు.

మధ్యాహ్నం నమాజు వేళకి ట్రాక్ ఆగుతుంది. శుక్రవారమైతే జుమా నమాజు అయ్యాకే అసలు కదలిక. ఆ విరామంలో ఫిల్టర్ మార్చుకోవచ్చు. వసంతంలో, వేసవి చివర ఈ కొండల్లో మధ్యాహ్నానికి మబ్బు పట్టి వాన దంచే రోజులుంటాయి, టార్పాలిన్ దగ్గర పెట్టుకోండి. సౌదా కొండ వైపైతే తిండి మూతేసి ఉంచండి. అక్కడి బబూన్ కోతులు మన తిరుమల కోతులకేమీ తీసిపోవు.

ఫైనల్ 20 నుంచి 45 నిమిషాలు. 125 సీసీ ట్యాంకు ఎనిమిది, తొమ్మిది నిమిషాలకు మించి రాదు, కాబట్టి పిట్‌లో ఇంధనం పోసే మనిషి కావాలి. ఈ పనికి స్నేహితుణ్ణి పిలుచుకోండి, బావమరిది అయినా పరవాలేదు, కానీ గడియారం చూడటం తెలిసినవాడై ఉండాలి. ఫైనల్‌లో అసలు ప్రమాదం మాత్రం వేరే ఉంది. సాయంత్రం అస్ర్ నమాజు వేళ దాటితే అభాలో చలి త్వరగా దిగుతుంది, గాలి చిక్కబడుతుంది. మధ్యాహ్నం సరిపోయిన నీడిల్ ఇప్పుడు బిగువైపోతుంది, ఇంజిన్ వేడెక్కి ఆగిపోతుంది. వరసలో నిలబడే ముందే కొద్దిగా ఎడమకి తిప్పండి.

అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలింది ఇంజిన్‌ను నడిపే కాల్చేసి, ఆఫ్టర్-రన్ ఆయిల్ నాలుగు చుక్కలు వేయాలి. మిథనాల్ తేమను పీల్చుకుంటుంది, మంచు కూడా తోడైతే బేరింగులు తుప్పు పడతాయి. జెడ్డా నుంచి వచ్చినవాళ్ళు ఘాట్ దిగి ఇంటికి చేరాక బండిని అలాగే స్టార్ట్ చేయకూడదు. తీసిన షిమ్ తిరిగి వేసి, నీడిల్ పాత గుర్తుకి తెచ్చాకే స్టార్ట్ చేయాలి.