అడవిలో కంకర బాట, చేతిలో సైకిలు: స్కాట్లండ్‌లో మీ హక్కేమిటి, హద్దేమిటి?

గ్లాస్గో నుంచి ఉత్తరంగా కారులో గంట ప్రయాణం చేస్తే అబర్‌ఫాయిల్ అనే చిన్న ఊరు వస్తుంది. ఊరు దాటగానే కొండలు, వాటి నిండా అడవి. పేరు క్వీన్ ఎలిజబెత్ ఫారెస్ట్ పార్క్. రాణి పట్టాభిషేకం జరిగిన 1953లో ఆ పేరు పెట్టారు. లోపల మైళ్ల తరబడి కంకర బాటలు. వెడల్పు టైర్ల గ్రావెల్ బైకు మీద ఒకసారి ఆ ఎత్తుపల్లాలు తిరిగినవాళ్లు మళ్లీ తారు రోడ్డు మీద బస్సుల పక్కన తొక్కడానికి ఇష్టపడరు. చదువుకో ఉద్యోగానికో ఇక్కడికొచ్చి కొత్తగా సైకిలు కొన్న మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలకు జవాబులివి.

అడవిలోకి వెళ్లడానికి ఎవరి అనుమతి తీసుకోవాలి?

ఎవరిదీ అక్కర్లేదు. ఈ మాట మనవాళ్లు ఓ పట్టాన నమ్మరు. మన దగ్గర రిజర్వు ఫారెస్టు అంటే చెక్‌పోస్టు, గార్డు, పర్మిషన్ కాగితం. నల్లమలలో దారి తప్పి లోపలికెళ్లినా కేసవుతుందన్న భయం చిన్నప్పటి నుంచీ ఉంటుంది. ఇక్కడ పద్ధతి వేరు. స్కాట్లండ్ పార్లమెంటు 2003లో చేసిన భూసంస్కరణ చట్టం కింద దాదాపు ప్రతి నేల మీదా తిరిగే హక్కు అందరికీ ఉంది. ఈ హక్కు 2005 ఫిబ్రవరి 9 నుంచి అమల్లోకి వచ్చింది. నడవచ్చు, గుర్రమెక్కి వెళ్లచ్చు, సైకిలు తొక్కచ్చు. పగలైనా, రాత్రైనా. మీరు ఏ దేశం వాళ్లన్నది ఎవరూ అడగరు. ఆ భూమి ప్రభుత్వానిదా, ఎస్టేటు దొరదా అన్న తేడా కూడా లేదు.

షరతు ఒక్కటే. బాధ్యతగా మసలుకోవాలి. బాధ్యత అంటే ఏమిటో స్కాటిష్ ఔట్‌డోర్ యాక్సెస్ కోడ్ అనే పుస్తకం విడమరిచి చెబుతుంది. మీ నడవడి బాధ్యతగా లేకపోతే ఆ సమయానికి మీకు హక్కూ లేదు. చట్టం మనిషిని ముందుగా నమ్మి తలుపు తీసింది. అందుకే నాకు ఈ చట్టమంటే గౌరవం.

ఎక్కడికైనా వెళ్లచ్చా? ‘ప్రైవేట్ రోడ్’ అన్న బోర్డు కనిపిస్తే?

ఆ బోర్డు సాధారణంగా కార్లకు. జనాన్ని ఆపడం కోసమే బోర్డు పెట్టడం, దారికి అడ్డం కట్టడం భూయజమానికి కుదరదు. అయితే ఇళ్లు, వాటి చుట్టూ ఆ ఇంటివాళ్ల ఏకాంతానికి తగినంత పెరడు, బడి ఆవరణ, నిర్మాణం జరుగుతున్న స్థలం, పంట ఉన్న చేను ఈ హక్కులోకి రావు. చేను గట్టు మీదుగా పోవచ్చు, మొక్కల్ని మాత్రం తొక్కకూడదు.

అడవిలో బాట వదిలి మెత్తటి బురదనేల మీదికి సైకిలు దించకండి. టైరు చాలు కోసిందంటే వాన నీళ్లు దాని వెంటే పారి గాడి పెడతాయి. పార, గొడ్డలి పట్టుకెళ్లి సొంతంగా కొత్త బాటలు చెక్కడం, దూకడానికి దిబ్బలు కట్టడం కూడా హక్కు కాదు.

ట్రాఫిక్ ఉండదన్నారు. నాకు పెద్ద లారీ ఎదురొచ్చింది. ఏమిటిది?

ఆ బాట లారీ కోసం వేసిందే. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ కలపకు కటకటలాడింది. ఆ దెబ్బకు 1919లో ఫారెస్ట్రీ కమిషన్ పుట్టింది, కొండల మీద చెట్ల పెంపకం మొదలైంది. ఎక్కువగా నాటింది అమెరికా పసిఫిక్ తీరం నుంచి తెచ్చిన సిట్కా స్ప్రూస్. నాటిన సుమారు నలభై ఏళ్లకు కోతకొస్తుంది. దుంగల్ని కిందికి దించడానికే రాళ్లు కొట్టి ఈ బాటలు పరిచారు. మనం ఆనందించే ఈ కంకర కలప వ్యాపారం పుణ్యమే. అందుకని లారీ కనిపిస్తే ఆగి, బాట అంచుకు జరిగి, డ్రైవరు మిమ్మల్ని చూశాడని తెలిశాకే కదలండి.

ఇంకో మాట. ఈ అడవిలోనే త్రీ లాక్స్ ఫారెస్ట్ డ్రైవ్ అనే ఏడు మైళ్ల బాట మీదికి సీజన్లో కార్లను రానిస్తారు. అప్పుడు అది ట్రాఫిక్ లేని దారి కాదు. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే చూసుకోవాలి.

చెట్లు కొడుతున్నారని ఎర్ర బోర్డు పెట్టారు. కానీ ఎవరూ కనిపించడం లేదు. దాటిపోవచ్చా?

వద్దు. మిగతా ప్రశ్నల్లో కాస్త వాదనకు చోటుంది, దీంట్లో లేదు.

ఆ పని దగ్గర్నుంచి చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది. హార్వెస్టర్ అనే యంత్రం పొడవాటి చేయి చాచి చెట్టు మొదలు పట్టుకుంటుంది. రంపం ఒక్కసారి కీచుమంటుంది, చెట్టు ఒరుగుతుంది. అది పూర్తిగా నేలకు తాకకముందే యంత్రం మానును తన పళ్ల మధ్య నుంచి లాగేస్తూ కొమ్మలు ఒలిచి, కొలిచి, ముక్కలు కోసేస్తుంది. అంతా నిమిషంలోపే. లోపల కూర్చున్న మనిషి ఆ చప్పుడులో మీ గంట వినలేడు, కొమ్మల చాటున మిమ్మల్ని చూడలేడు. రంపం గొలుసు తెగితే దాని ముక్క తూటాలా చాలా దూరం ఎగురుతుంది.

యంత్రం ఆగి ఉన్నా అపాయం పోదు. సగం తెగి పక్క చెట్టుకు ఆనుకున్న మాను ఎప్పుడైనా జారుతుంది. బాట పక్కన పేర్చిన దుంగల గుట్ట గట్టిగానే కనిపిస్తుంది, కాలు పెడితే దొర్లుతుంది. దాని మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీసేవాళ్లను చూశాను, చెప్పి దించాను కూడా. ఆదివారమైనా సరే, బోర్డు తీసేదాకా లోపలికి వెళ్లననేది నేను పెట్టుకున్న నియమం. పక్కదారి గుర్తులుంటే వాటి వెంట పోండి, లేకపోతే వెనక్కి తిరగండి.

నడిచేవాళ్లు, గుర్రాలు ఎదురైతే దారి ఎవరిది?

మనమే ఆగి దారివ్వాలి. గుర్రం విషయంలో ఒక కిటుకు నేర్చుకున్నాను. మొదటి ఏడాది ఒక వంపు దగ్గర నేను చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చేసరికి గుర్రం బెదిరి పక్కకు దూకింది. దాని మీదున్న పెద్దావిడ కిందపడకుండా నిలదొక్కుకుని, కోప్పడకుండా ఒకటే మాట చెప్పింది: దూరం నుంచే పలకరించు నాయనా, గొంతు వింటే వచ్చేది మనిషని దానికి తెలుస్తుంది. అప్పటి నుంచి దూరంగా ఉండగానే హలో అంటాను. దాటేటప్పుడు నిదానంగా, ఎడంగా వెళతాను.

ఎలక్ట్రిక్ సైకిలుకు ఈ హక్కు వర్తిస్తుందా?

మోటారు 250 వాట్లు మించకుండా, తొక్కితేనే సాయం చేస్తూ, గంటకు 15.5 మైళ్ల దగ్గర ఆ సాయం ఆగిపోయేలా ఉంటే అది మామూలు సైకిలు కిందే లెక్క. నడిపేవాళ్లకు పద్నాలుగేళ్లు నిండాలి. అంతకు మించిన బండి మోటారు వాహనం, దానికి ఈ హక్కు లేదు.

హెల్మెట్ తప్పనిసరా?

చట్టం ప్రకారం కాదు. పెట్టుకోండి.

రాత్రి అక్కడే గుడారం వేసుకోవచ్చా?

స్కాట్లండ్‌లో చాలాచోట్ల వేసుకోవచ్చు. కానీ ఈ అడవి ఉన్నది లాక్ లోమండ్ అండ్ ట్రోసాక్స్ నేషనల్ పార్కులో. ఇక్కడ మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 దాకా కొన్ని సరస్సు తీరాల్లో గుడారానికీ మంటకూ పర్మిట్ కావాలి. 2017 నుంచి ఈ నిబంధన ఉంది.

బహిర్భూమికి వెళ్లాల్సొస్తే నీటికి కనీసం ముప్పై మీటర్ల దూరంలో గొయ్యి తీసి పూడ్చండి. కొండ అవతలి లాక్ కాట్రిన్ సరస్సు 1859 నుంచి గ్లాస్గోకు తాగునీరిస్తోంది. ఆ సరస్సు ఉత్తరపు ఒడ్డున సుమారు పదమూడు మైళ్ల దారిలోకి బయటి కార్లను రానివ్వరు. అది తారు రోడ్డే ఎక్కువ, అయినా గ్రావెల్ బాటతో కలిపి రోజంతా తొక్కడానికి అంత అందమైన దారి ఈ చుట్టుపక్కల నాకు తెలిసి మరొకటి లేదు.

ఇంగ్లండులో ఉన్న మా తమ్ముడికీ ఇవే నియమాలా?

కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంగ్లండులో ఫుట్‌పాత్ అని గుర్తున్న పల్లె బాటల మీద సైకిలుకు హక్కు లేదు. 1968 నాటి చట్టం వల్ల బ్రైడిల్‌వే అనే గుర్రపు బాటల మీద ఉంది. 2000లో వచ్చిన చట్టం కొండలు, బీళ్ల మీద తిరిగే హక్కు ఇచ్చింది గానీ, కాలినడకకే. మీ తమ్ముడు మ్యాపులో బాట రకం చూసుకుని బయల్దేరాలి.

గేటుకు తాళం వేసి ఉంది, లేదా ఎవరో వచ్చి వెళ్లిపొమ్మన్నారు. ఏం చేయాలి?

ముందు కారణం అడగండి, మర్యాదగా. ఎక్కువసార్లు నిజమైన కారణమే ఉంటుంది: జింకల వేటో, ఈనుతున్న గొర్రెలో, చెట్ల కోతో. అలాంటప్పుడు ఏ పక్క నుంచి వెళ్లమంటారని అడిగితే వాళ్లే దారి చూపిస్తారు. కారణం లేకుండా అడ్డుకున్నారనిపిస్తే అక్కడ గొడవ పెట్టుకోకండి. చోటు, తేదీ, సమయం రాసుకుని, గేటు ఫొటో తీసి యాక్సెస్ ఆఫీసరుకు పంపండి. నేషనల్ పార్కులో అయితే పార్కు సంస్థకు, బయటైతే స్థానిక కౌన్సిల్‌కు. ఈ హక్కును కాపాడే బాధ్యత చట్టం వాళ్ల మీదే పెట్టింది. తాళం లేని గేటు అయితే తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వెళ్లండి. మీ వెనక వచ్చేవాళ్లు వేస్తారులే అని వదిలేయకండి.