కుర్సురా నమూనాకు ఒక తేదీ



విశాఖపట్నం రామకృష్ణ బీచ్‌లో కొలువైన ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామిని స్క్రాచ్ బిల్డింగ్ పద్ధతిలో, అంటే తయారుగా దొరికే కిట్ కొనకుండా ప్లాస్టిక్ షీట్లు, కడ్డీలు, గొట్టాల నుంచి ప్రతి భాగాన్నీ స్వయంగా కోసి అతికించి, నమూనాగా నిర్మించాలనుకునే యువకుడు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఆ నమూనా ఏ నాటి నౌకను చూపాలన్నది. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ నౌక 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో గస్తీ తిరిగి, 2001లో సేవ నుంచి విరమించి, 2002లో మ్యూజియంగా మారింది. మూడు దశాబ్దాలు సముద్రంలో పనిచేసిన నౌకకు మరమ్మతుల్లో పరికరాలు మారతాయి, రంగు మళ్ళీ మళ్ళీ పడుతుంది. అందువల్ల తేదీ లేని ఆధారం ఎంత స్పష్టంగా కనిపించినా సగం ఆధారమే.

ఎదురుగా నిలిచిన అసలు నౌకను కూడా ఈ దృష్టితోనే పరీక్షించాలి. సందర్శకుల రాకపోకల కోసం దాని పక్కభాగాన్ని కోసి తలుపులు పెట్టారు; 1971 నాటి నమూనాలో అవి కనిపిస్తే మిగిలిన శ్రమంతా వృథా అవుతుంది. అయితే రేవులో తేలే నౌకను ఎన్నిసార్లు చూసినా కనబడని అడుగుభాగం ఇక్కడ నేల మీద బయటపడి ఉంది, ఆ వంపులను ఓపికగా పరిశీలించే అవకాశం ఏ పుస్తకమూ ఇవ్వలేదు.

కొలతల విషయానికి వస్తే, నౌక పొడవు 91.3 మీటర్లు, వెడల్పు సుమారు 7.5 మీటర్లు. 1:144 స్కేలులో, అంటే అసలు కొలతను 144తో భాగించినప్పుడు, నమూనా పొడవు 634 మి.మీ., వెడల్పు 52 మి.మీ. అవుతాయి, 533 మి.మీ. వ్యాసం గల టార్పెడో గొట్టం 3.7 మి.మీ.కి కుదించుకుపోతుంది. మిగతా కొలతలను ఫొటోల నుంచి రాబట్టాలి. దూరం నుంచి, నౌకకు లంబంగా నిలబడి తీసిన పక్క ఫొటోలో నౌక మొత్తం 30 సెం.మీ. ఉంటే, అందులో 1 సెం.మీ. కనిపించే భాగం నిజానికి 3 మీటర్ల పైచిలుకు, నమూనాలో 21 మి.మీ. అవుతుంది. ఏటవాలుగా తీసిన ఫొటోకు ఈ లెక్క వర్తించదు, ఎందుకంటే కెమెరాకు దగ్గరగా ఉన్న కొన పెద్దదిగానూ దూరపు కొన చిన్నదిగానూ పడతాయి. అందమైన ఫొటోలన్నీ దాదాపు ఇలాంటివే కావడం విచారకరం. వాటిని ఏ భాగం ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి వాడాలి, పొడవులు తీయడానికి కాదు.

కుర్సురా సోవియట్ ప్రాజెక్టు 641 రకానికి చెందినది, దీనినే నాటో ఫాక్స్‌ట్రాట్ అని పిలిచింది. కల్వరి, ఖండేరి, కరంజ్ దీని తోబుట్టువులు. రష్యాలోని కాలినిన్‌గ్రాడ్‌లో బి-413 అనే అదే రకం నౌక మ్యూజియంగా ఉంది. మూడు ప్రొపెల్లర్ల అమరిక, ముందు ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టాల ఏర్పాటు వంటి మౌలిక విషయాలకు ఈ నౌకల ఫొటోలు నిస్సంకోచంగా పనికివస్తాయి. పైతొడుగులోకి సముద్రపు నీరు వచ్చిపోయే రంధ్రాల సంఖ్య, యాంటెన్నాల స్థానం వంటివాటిని మాత్రం కుర్సురా సొంత ఫొటోలతో సరిపోల్చకుండా నమ్మకూడదు.

జలాంతర్గాముల్లో పనిచేసిన విశ్రాంత నావికులు తారసపడితే వారిని అంకెలు అడగడం కంటే, ఏ పరికరం ఏ వైపున ఉండేదో, దేన్ని ఎప్పుడు తీసేశారో అడగడం మేలు. చేతులతో చేసిన పని తాలూకు జ్ఞాపకం కొలతల జ్ఞాపకం కంటే గట్టిది. వారు చెప్పినదాన్ని ఆ రోజే పుస్తకంలో రాసి, నమూనాలోని ప్రతి భాగం ఎదుట దాని ఆధారాన్నీ ఆ ఆధారపు తేదీనీ నమోదు చేయాలి. ఆధారం దొరకని భాగాన్ని ఊహించి అలంకరించకుండా సాదాగా వదిలి, తేలికగా ఊడివచ్చే జిగురుతో అతికిస్తే, కొత్త ఫొటో దొరికినప్పుడు మిగతా నమూనా చెదరకుండా దాన్ని మార్చవచ్చు.