సైనిక పాలన నుండి ప్రజాప్రభుత్వానికి

ఉప్పల్, నాచారం ప్రాంతాలు నేడు ఒకే శాసనసభ నియోజకవర్గంలో ఉన్నాయి. 2009లో ఆ నియోజకవర్గానికి తొలి ఎన్నిక జరిగింది. 1948కి ముందు ఈ గ్రామాల రైతుకు పాలకుని ఎన్నుకొనే హక్కు లేదు. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా నిజాం సొంత ఆస్తియైన సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉండేది. శిస్తు ప్రభువు ఖజానాకే చేరేది.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. మేజర్ జనరల్ జయంతోనాథ్ చౌధురి సైనిక గవర్నరుగా పాలన చేపట్టాడు. సైనికుడు పాలకుడైనచోట అధికారం తిరిగి పౌరులకు దక్కడం అరుదు. ఇక్కడ మాత్రం ఆ మార్పు అంచెలంచెలుగా జరిగింది.

చౌధురి కాలంలోనే 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వపరమైంది. అదే ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. రాష్ట్ర భూభాగంలో దాదాపు మూడో వంతు జాగీర్దార్ల చేతి నుండి జారిపోయింది. ఎన్నికైన సభ ఏదీ లేకుండానే ఇంతటి మార్పు వచ్చిందన్నది గమనింపదగినది.

ఆ పాలనకు మరో ముఖం కూడా ఉంది. సైనిక చర్య తరువాత మరాఠ్వాడా మొదలైన జిల్లాలలో ముస్లింలపై ఘోర హింస జరిగింది. కేంద్రం పంపిన సుందర్‌లాల్ సంఘం మృతులు 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల ముందుకు రాలేదు. తెలంగాణలో సాయుధ రైతాంగంపై సైన్యం దాడులు 1951 వరకు సాగాయి.

1950 జనవరి 26న ఐ.సి.ఎస్. అధికారి ఎం.కె. వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయన పౌరుడే గాని, ప్రజలు ఎన్నుకున్నవాడు కాడు. కొన్ని నెలలకు బూర్గుల రామకృష్ణారావు వంటి కాంగ్రెస్ నాయకులు మంత్రివర్గంలో చేరారు.

తొలి సాధారణ ఎన్నికలలో ఇరవై ఒక్క ఏళ్లు నిండిన స్త్రీపురుషులందరికీ ఓటు లభించింది. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టెపై గుర్తు. చదువురానివారు సైతం గుర్తును చూచి ఓటు వేశారు. 175 స్థానాలలో కాంగ్రెస్ 93, కమ్యూనిస్టుల మద్దతు గల ప్రజాస్వామిక ఫ్రంట్ 42 గెలుచుకున్నాయి. నిన్నటి వరకు తుపాకి పట్టినవారు ప్రతిపక్షంగా సభలో కూర్చున్నారు. నల్గొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లు వచ్చాయి.

1952 మార్చి 6న బూర్గుల ముఖ్యమంత్రిగా బాధ్యతలు స్వీకరించాడు. అప్పటికి చౌధురి గవర్నరు పదవి విడిచి రెండేళ్లు దాటింది.