పరీక్షలంటే ఆందోళనపడే పిల్లలకు ఏ కాలేజీ? అడ్వాన్సు కట్టేముందు తెలుసుకోవాల్సిన హక్కులు

పదో తరగతి పరీక్షలు కాకముందే కాలేజీ పీఆర్వోల ఫోన్లు మొదలవుతాయి. ర్యాంకులు, ఏసీ క్యాంపస్, ఇప్పుడే కడితే రాయితీ అంటూ ఊదరగొడతారు. పరీక్ష మాటెత్తితే నిద్రపట్టని పిల్లలున్న ఇంట్లో అడగాల్సిన ప్రశ్నలు వేరు.

ప్రశ్న: కాలేజీలో కౌన్సెలర్ తప్పనిసరిగా ఉండాలా?

ఉండాలి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రత్యేక చట్టం వచ్చేదాకా అవే అమల్లో ఉంటాయి. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. ప్రైవేటు కాలేజీలకు, కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. ‘మా లెక్చరర్లే చూసుకుంటారండీ’ అంటే సరిపోదు. కౌన్సెలర్ పేరు, అర్హత, వచ్చే రోజులు అడగండి.

ప్రశ్న: మార్కులు తగ్గితే సెక్షన్ మార్చేయొచ్చా?

ప్రతిభను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంత వరకు మానుకోవాలని కోర్టు చెప్పింది. ‘వీలైనంత వరకు’ అన్న మాటను కాలేజీలు అడ్డం పెట్టుకోవచ్చు. అందుకే వీక్లీ టెస్టు మార్కులు బోర్డు మీద పెడతారా, సెక్షన్లు ఎన్నిసార్లు మారుస్తారు అని ముందే తేల్చుకోండి.

ప్రశ్న: సమస్య గురించి కాలేజీకి చెప్తే నలుగురికీ తెలిసిపోదా?

చికిత్స వివరాలు బయటపెట్టకూడదన్న బాధ్యతను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్య నిపుణుల మీద పెట్టింది. వార్డెన్‌కో లెక్చరర్‌కో ఆ నిబంధన నేరుగా వర్తించదు. హాస్టల్లో మందులు వేసుకోవాల్సిన పిల్లలైతే చెప్పక తప్పదు. అయితే ఎవరెవరికి తెలియాలో ఉత్తరంలో స్పష్టంగా రాసివ్వండి.

ప్రశ్న: పరీక్షలో అదనపు సమయం వస్తుందా?

ఆందోళన ఉందని డాక్టరు రాసినంత మాత్రాన రాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం ఉంది కానీ, చాలా ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. అర్హత ఉందనుకుంటే పరీక్ష ఫీజు కట్టే సమయానికల్లా బోర్డును సంప్రదించండి.

ప్రశ్న: ఇమడలేక మానేస్తే ఫీజు, సర్టిఫికెట్లు తిరిగిస్తారా?

డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదు. ఫీజు వాపసు యూజీసీ నిర్ణయించిన గడువును బట్టి ఉంటుంది. కోచింగ్ సెంటర్లయితే మిగిలిన కాలానికి ఫీజు, హాస్టల్, మెస్ చార్జీలు 10 రోజుల్లో ఇవ్వాలని కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంటర్ కాలేజీ యూజీసీ కిందికి రాదు. అక్కడ వాపసు షరతు రసీదు మీదే రాయించుకోండి.

ప్రశ్న: హాస్టలా, డే స్కాలరా?

దీనికి రూలు లేదు. ఇంటికొచ్చి పడుకుంటే కుదుటపడే పిల్లలకు దగ్గరి కాలేజీయే మేలు. హాస్టలే అయితే సాయంత్రం స్టడీ అవర్స్‌లో వెళ్లి చూడండి. ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయనిస్తారు, ఔటింగ్ ఎన్నాళ్లకు, రాత్రి ఒంట్లో బాగోకపోతే ఎవరు తీసుకెళ్తారు అని అడగండి. పీఆర్వో పక్కన లేనప్పుడు సెకండియర్ పిల్లలతో మాట్లాడండి.

ప్రశ్న: అర్ధరాత్రి భయం ముంచుకొస్తే ఎవరికి చెప్పాలి?

మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలని కోర్టు ఆదేశం. ర్యాగింగ్ అయితే 1800-180-5522.

క్యాంపస్ చూడ్డానికి వెళ్లినప్పుడు గోడ మీద 14416 ఉందో లేదో చూడండి. కౌన్సెలర్ గురించి, ఫీజు వాపసు గురించి నోటితో మాటిచ్చి, కాగితం మీద రాసివ్వని కాలేజీకి అడ్వాన్సు కట్టకండి.