పన్ను స్వర్గం కంపెనీలకు, పేస్లిప్ మనకు

లక్సెంబర్గ్ నుంచి ఆఫర్ వచ్చిందనగానే బంధువుల్లో ఎవరో ఒకరు "అక్కడ ట్యాక్సే ఉండదటగా" అంటారు. ఉంటుంది, బాగానే ఉంటుంది. 2014లో లక్స్‌లీక్స్ పత్రాలు బయటపడ్డాక ఆ దేశానికి పన్ను స్వర్గమన్న పేరు ఇంకా పాకింది గానీ, అందులో ఉన్నవి బహుళజాతి కంపెనీలు అక్కడి పన్ను అధికారులతో ముందే ఖాయం చేసుకున్న ఏర్పాట్లు. రాజధానిలోని కిర్చ్‌బర్గ్ ప్రాంతంలో ఏ ఆఫీసులోనో ఫండ్ అకౌంటింగ్ చేసే ఉద్యోగికి వాటితో పనిలేదు. అతని జీతంపై పన్ను మెట్లు మెట్లుగా 42 శాతం దాకా పోతుంది. కట్టాల్సిన ఆ పన్నుమీద ఉపాధి నిధి పేరుతో మరో 7 శాతం, ఆదాయం బాగా ఎక్కువైతే 9 శాతం. పింఛను, ఆరోగ్య బీమా, దీర్ఘకాలిక సంరక్షణ చందాలు కలిపి ఇంకో 12, 13 శాతం జీతంలోంచే తెగుతాయి. కాబట్టి ఆఫర్ లెటర్లోని అంకెను రూపాయల్లోకి మార్చి మురిసిపోయే ముందు, చేతికొచ్చేది ఎంతో రాసిమ్మని హెచ్‌ఆర్‌ను అడగండి. పెళ్లయిన జంటకు ఒక లెక్క, ఒంటరికి ఇంకో లెక్క. ఒంటరికే ఎక్కువ పడుతుంది.

ఉద్యోగికి దక్కే పెద్ద రాయితీ ఒకటుంది. మనవాళ్లలో చాలామంది సంతకం పెట్టాక దాని గురించి వింటారు. 2025 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, విదేశం నుంచి వచ్చిన నిపుణుడి జీతంలో సగానికి ఎనిమిదేళ్ల పాటు పన్ను ఉండదు. ఏటా 4 లక్షల యూరోల జీతం దాకా ఇది వర్తిస్తుంది. షరతులున్నాయి: మూలవేతనం ఏటా కనీసం 75 వేల యూరోలుండాలి, అందులో బోనసులూ అలవెన్సులూ కలపరు. గత ఐదేళ్లలో లక్సెంబర్గ్‌లో గానీ, సరిహద్దుకు 150 కిలోమీటర్ల లోపు గానీ కాపురం ఉండకూడదు. కంపెనీ కూడా ఒప్పుకుని కాగితాలు దాఖలు చేయాలి. చేతిలో 72 వేల ఆఫర్ ఉంటే గట్టిగా బేరమాడాల్సింది ఇక్కడే. ఆ మూడు వేలతో మీ చేతికొచ్చేది మూడు వేలకు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మిగిలినదాన్ని మింగేది ఇంటి అద్దె. ఒంటరివాళ్లు తోటి ఉద్యోగులతో ఫ్లాట్ పంచుకోవడం అక్కడ మామూలే, నామోషీ పడనక్కర్లేదు. 2024 ఆగస్టు నుంచి చట్టం కాస్త అద్దెదారు వైపు మొగ్గింది: అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించకూడదు, బ్రోకరు కమిషన్ ఇంటి యజమాని, మీరు చెరిసగం. ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి రోజూ 2 లక్షలమందికి పైగా ఈ దేశానికి పనికి వస్తారు; వాళ్లను చూసి మనమూ ఫ్రాన్స్‌లోని తియోన్‌విల్‌లోనో జర్మనీలోని ట్రియర్‌లోనో తక్కువ అద్దెకు ఉందామనిపిస్తుంది. భారత పాస్‌పోర్టుతో అది అంత తేలిక కాదు. లక్సెంబర్గ్ పర్మిట్ ఆ దేశాల్లో కాపురానికి హక్కివ్వదు. అక్కడి నివాస పర్మిట్ విడిగా తెచ్చుకోవాలి.

ఊరట కలిగించేవీ ఉన్నాయి. 2020 ఫిబ్రవరి 29 నుంచి బస్సు, ట్రాము, రైలు దేశమంతటా ఉచితం, మొదటి తరగతికే టికెట్టు. ధరల సూచీ 2.5 శాతం పెరిగినప్పుడల్లా చట్టప్రకారం అందరి జీతాలూ అంతే పెరుగుతాయి. మేనేజరు దయ అక్కర్లేదు.

కాగితాల వరస తప్పొద్దు. తాత్కాలిక నివాస అనుమతి మీరు ఇండియాలో ఉండగానే చేతికి రావాలి, ఆ తర్వాతే దీర్ఘకాలిక డి వీసా. దిగిన మూడు పనిదినాల్లో కమ్యూన్ (స్థానిక పురపాలక) ఆఫీసులో నమోదు, తర్వాత వైద్య పరీక్ష, క్షయ పరీక్ష, మూడు నెలల్లోపు నివాస పర్మిట్ దరఖాస్తు. నమోదుకు చిరునామా కావాలి. కంపెనీ ఇచ్చే తాత్కాలిక వసతి అందుకు పనికొస్తుందో లేదో బయల్దేరకముందే తేల్చుకోండి. అధిక నైపుణ్య ఉద్యోగులకిచ్చే ఈయూ బ్లూ కార్డు కాకుండా మామూలు ఉద్యోగి పర్మిట్ అయితే మొదటి ఏడాది ఒకే రంగం, ఒకే వృత్తి. ప్రొబేషన్ ఆరు నెలలు, పెద్ద జీతాలకు ఏడాది దాకా ఉండొచ్చు. అది గట్టెక్కేదాకా హైదరాబాదులో ఇల్లు ఖాళీ చేసి, పిల్లల టీసీలు తీసుకోవడం తొందరపాటే అంటాను. ప్రభుత్వ బడిలో చదవడం రాయడం సాధారణంగా జర్మన్‌లో మొదలవుతుంది. ఇంగ్లిష్ కావాలంటే ఫీజులేని ప్రభుత్వ యూరోపియన్ స్కూళ్లున్నాయి, వాటిలో సీటు సంగతి ముందే చూసుకోవాలి.

ఇండియా వైపు పనులు కూడా అంతే ముఖ్యం. ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ప్రవాసుల ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించండి. అలాగే వదిలేయడం విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనలకు విరుద్ధం. ఇండియా కంపెనీయే డిప్యుటేషన్‌పై పంపుతుంటే ఈపీఎఫ్‌ఓ నుంచి కవరేజి సర్టిఫికెట్ తీసుకోవాలి. 2011 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న రెండు దేశాల ఒప్పందం వల్ల పింఛను చందా రెండుచోట్లా కట్టే బాధ తప్పుతుంది. అక్కడి కంపెనీలోనే చేరితే చందా అక్కడే కడతారు. అక్కడ పింఛనుకు కనీసం పదేళ్ల చందా ఉండాలి. చాలకపోతే అదే ఒప్పందం కింద ఇక్కడి సర్వీసు కలుపుకోవచ్చు. ఆ పేస్లిప్పులు పారేయకండి.

తిరిగొచ్చాక పూర్తిస్థాయి నివాసి అయిన ఏడాది నుంచీ, అక్కడ మిగిలిన బ్యాంకు ఖాతాను, దానిపై వడ్డీ రాకపోయినా, రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపాలి. చూపకపోతే జరిమానా 10 లక్షల రూపాయలు. స్థిరాస్తి కాకుండా మిగతావన్నీ కలిపి 20 లక్షల లోపుంటే 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా లేదు, చూపాల్సిన బాధ్యత మాత్రం ఉంది.